ఆమినా, అమీనా: మా నానీ పేరు వీటిలో ఏది?

పెద్ద మనవరాలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే, అస్సలాము అలైకుం.

నాకు మూడు నెలల క్రితం పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి జననం రిజిస్టర్ అయిపోయింది కానీ, పేరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆడపిల్ల పుడితే మా నానీ పేరు పెట్టుకోవాలని పాప కడుపులో ఉన్నప్పుడే అనుకున్నాను. నానీ అంటే మా అమ్మీ వాళ్ళమ్మ. పోయి రెండేళ్ళయింది. అమ్మీ పనికి వెళ్తే చిన్నప్పటి నుంచీ నన్ను చూసుకుంది ఆవిడే. నాకు జడ వేయడం, జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చోవడం, అన్నీ నానీయే.

తీరా ఫారం నింపుదామని కూర్చుంటే, నానీ పేరు సరిగ్గా ఏమిటో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. రేషన్ కార్డులో 'అమీనా బీ' అని ఉంది. ఓటరు కార్డులో 'అమినాబి'. ఇంట్లో మాత్రం ఎవరూ అలా పిలవగా నేను వినలేదు. చుట్టుపక్కల వాళ్ళంతా 'ఆమ్నాబీ' అనేవాళ్ళు. మా నానా, అంటే అమ్మీ వాళ్ళ నాన్న, ఒక్కరే 'ఆమినా' అని మూడు అక్షరాలూ నిదానంగా పలికేవారని అమ్మీ చెబుతుంది. నేను పుట్టకముందే ఆయన పోయారు, ఆ పిలుపు నేను వినలేదు.

ఇంటర్నెట్‌లో పేర్ల సైట్లు చూశాను. ఒకచోట 'నిజాయితీ గలది', ఇంకోచోట 'శాంతి', మరోచోట 'విశ్వాసం', ఒక సైట్లోనైతే ఈ మూడూ కలిపి ఒకే పేరుకు రాసేశారు. ఏది నమ్మాలో తెలియడం లేదు. ఈలోగా మా మరిది ఇంకో మాట అన్నాడు. 'వదినా, అమీనా అంటే కోర్టు నుంచి జప్తుకు వచ్చే మనిషి కదా, స్కూల్లో పిల్లలు ఏడిపించరూ?' అని. అతను చెడ్డగా అనలేదు, నిజంగానే పాప కోసం ఆలోచించి అన్నాడు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఖురాన్ తడుముకుంటూ చదువుతాను కానీ ఉర్దూ రాయడం, చదవడం రాదు. ఆమినా, అమీనా, ఆమ్నా మూడూ ఒకే పేరేనా? వేరే వేరేనా? వేరైతే మా నానీది ఏదో ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. ఇది నాకు చాలా ముఖ్యం.

చదువరి:

ప్రార్థన అయ్యాక 'ఆమీన్' అంటాం కదా అక్కా, ఆ మాట నుంచే ఆమినా వచ్చిందని ఎవరో చెప్పగా విన్నాను. అర్థం 'తథాస్తు' లాంటిది అనుకుంటా. పాపకు శుభాకాంక్షలు.

అరబ్బీ మాస్టారు:

వ అలైకుముస్సలాం అమ్మా. పాపకు నా దీవెనలు. నేను పిల్లలకు అరబ్బీ, ఉర్దూ చెబుతుంటాను. మీరు అడిగిన ఈ ప్రశ్న మా క్లాసులో ప్రతి ఏడాదీ వస్తుంది. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆమినా, అమీనా రెండు వేరే వేరే పేర్లు. ధాతువు ఒకటే, హమ్జా, మీమ్, నూన్ అనే మూడు అక్షరాలు. భయం లేకుండా ఉండటం, నమ్మకం కుదరడం అనేవి ఆ ధాతువు భావాలు. మనం రోజూ వినే 'అమన్' అంటే శాంతి భద్రతలు. 'అమానత్' అంటే నమ్మి ఒకరి దగ్గర దాచిన సొత్తు. 'ఈమాన్' అంటే విశ్వాసం, 'మోమిన్' అంటే విశ్వాసి. వీటన్నిటిదీ ఒకటే వేరు. పేర్ల సైట్లు శాంతి, నిజాయితీ, విశ్వాసం అన్నీ ఒకే పేరు మీద కుమ్మరించడానికి కారణం ఇదే. వేరు అర్థాన్నంతా తెచ్చి ఒక్క కొమ్మకు అంటగట్టేశారు.

అరబ్బీలో ధాతువును ఒక అచ్చులో పోసి మాట తయారు చేస్తారు. అచ్చు మారితే అర్థం మారుతుంది. మీకు తెలిసిన పేర్లతోనే చూడండి. ఫాతిమా, ఆయిషా, తాహిరా, ఆబిదా, ఖాలిదా: వీటన్నిటిలో మొదటి అక్షరం దీర్ఘం, రెండోది హ్రస్వం. ఆ అచ్చు ఒక పని చేస్తున్న లేక ఒక స్థితిలో ఉన్న మనిషిని చెబుతుంది. 'ఆబిదా' అంటే ఆరాధించేది. ఆమినా కూడా ఈ అచ్చులోదే. 'భయం లేకుండా, భద్రంగా, నిశ్చింతగా ఉన్నది' అని అర్థం.

ఇప్పుడు కరీమా, రహీమా, జమీలా, హలీమా తీసుకోండి. వీటిలో మొదటిది హ్రస్వం, రెండోది దీర్ఘం. మనిషిలో స్థిరంగా నిలిచిపోయిన గుణాన్ని చెప్పే అచ్చు ఇది. అమీనా ఇందులో పోసిన మాట. 'నమ్మదగినది, అప్పగించిన దాన్ని కాపాడేది' అని అర్థం. మగవాళ్ళ పేరు 'అమీన్'కు ఇది స్త్రీ రూపం.

ఖురాన్‌లో రెండు మాటలూ ఉన్నాయి. నహ్ల్ సూరా (అధ్యాయం) 112వ ఆయతులో (వాక్యంలో) ఒక ఊరిని గురించి 'ఆమినతన్ ముత్మఇన్నతన్' అని వస్తుంది. ఆ ఊరు భయం లేకుండా, నిశ్చింతగా ఉండేదని. అరబ్బీలో ఊరికి స్త్రీలింగం కాబట్టి ఆమినా అన్న పేరు మాటకు మాట అదే రూపంలో అక్కడ కనిపిస్తుంది. ఇక షుఅరా సూరాలో నూహ్, హూద్, సాలిహ్, లూత్, షుఐబ్ అనే ఐదుగురు ప్రవక్తలు, ఒకరి తర్వాత ఒకరు, తమ ప్రజలతో 'నేను మీకు రసూలున్ అమీన్' అంటారు, అంటే నమ్మదగిన సందేశహరుణ్ణి అని.

ప్రవక్త ముహమ్మద్ (స) గారి తల్లి పేరు ఆమినా బిన్తె వహబ్. మన ఇళ్ళల్లో ఈ పేరు ఇంతగా ఉండటానికి ఆ తల్లే కారణం. బిడ్డ పుట్టకముందే భర్త పోయారు. బిడ్డకు ఆరేళ్ళ వయసులో మదీనా నుంచి మక్కాకు తిరిగి వస్తూ దారిలో అబ్వా అనే చోట ఆమె కన్నుమూశారు. ఆ బిడ్డే పెద్దవాడై, ప్రవక్త కాకముందే మక్కాలో 'అల్ అమీన్' అనిపించుకున్నారు. తల్లిది ఒక అచ్చు, కొడుకు బిరుదుది ఇంకో అచ్చు, రెండిటికీ ధాతువు ఒకటే. పాఠంలో ఈ చోటికి వచ్చినప్పుడల్లా నేను పిల్లల్ని కాసేపు ఆగమంటాను.

'ఆమ్నా' వేరే పేరు కాదమ్మా. ఉర్దూ మాటల్లో నడిమి హ్రస్వం తరచు జారిపోతుంది. ఆమినా అన్నది నోట్లో ఆమ్నా అవుతుంది. ఇది మీకు మంచి ఆధారం కూడా. జారిపోయేది హ్రస్వమే. అమీనాలో 'మీ' దీర్ఘం కాబట్టి అది జారదు. చుట్టుపక్కల వాళ్ళు ఆమ్నాబీ అన్నారంటే అసలు పేరు ఆమినా అయి ఉండటానికే ఎక్కువ అవకాశం.

పైన 'ఆమీన్' గురించి రాసిన తమ్ముడికి ఒక మాట. ఆమీన్ వేరే మాట నాయనా, అందులో రెండు అక్షరాలూ దీర్ఘాలే. 'ప్రభూ, అలాగే కానివ్వు' అని దాని భావం. హీబ్రూ నుంచి క్రైస్తవుల ప్రార్థనల్లోకి వచ్చిన 'ఆమెన్' దీనికి తోబుట్టువు. ఆమినా ఆ మాట నుంచి పుట్టలేదు. దూరపు చుట్టరికం మాత్రం ఉంది.

మీ నానీ పేరు ఉర్దూలో రాసిన కాగితం ఏదైనా ఇంట్లో ఉందా? నికానామా, అంటే పెళ్ళి పత్రం, లాంటిది? ఉంటే తేలిపోతుంది.

ఆమినా, బయాలజీ టీచర్:

నా పేరు కూడా ఆమినానే చెల్లీ. నీ పోస్టు చదివి కళ్ళు చెమర్చాయి.

స్కూల్లో నన్ను ఎవరూ కోర్టు అమీనా అని ఏడిపించలేదు. ఆ మాట ఒకటుందని నాతో చదివిన పిల్లలకు తెలియదు కూడా. నన్ను ఎక్కువ మంది 'ఆమని' అనుకునేవాళ్ళు. ఆరో తరగతిలో మా తెలుగు టీచరు హాజరు పిలుస్తూ 'ఆమని' అని చదివారు. ఆమినా అండీ అన్నాను. ఆవిడ నవ్వి, 'ఆమని అంటే వసంతం తెలుసా, నీ పేరు పక్కింట్లోనే ఉందమ్మా ఆ మాట' అన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్ళి అందరికీ చెప్పాను. ఇప్పటికీ ఎవరైనా పొరపాటున ఆమని అంటే నాకు ఆ టీచరే గుర్తొస్తారు.

నాకు కష్టం వచ్చింది కాగితాల్లో. పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ ఇచ్చి, తిరిగి తిరిగి అలిసిపోయాను. కాబట్టి జనన ధ్రువపత్రం దగ్గరే గట్టిగా ఉండు. తెలుగులో ఎలా రాయాలో, ఇంగ్లీషులో ఏ అక్షరాలో ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు. నోటితో చెప్పకు. నోటితో చెబితే ఎదుటివాళ్ళు తాము విన్నది రాస్తారు.

రిటైర్డ్ నాజరు:

అమ్మాయ్, మీ మరిది గారి మాటకు జవాబు నేను చెప్పాలి. ఎందుకంటే ఆ కోర్టు అమీనాను నేనే. 11 ఏళ్ళు అమీనాగా చేశాను, తర్వాత కోర్టులోనే నాజరు అనే ఉద్యోగిగా రిటైరయ్యాను.

మా కోర్టుల్లో సగం మాటలు అరబ్బీ నుంచి ఫారసీ మీదుగా వచ్చినవే. వకీలు, జప్తు, హాజరు, నాజరు, అమానతు అన్నీ. కొన్ని దారిలో అర్థం మార్చుకున్నాయి. 'ముద్దాయి' అరబ్బీలో దావా వేసినవాడు, మన దగ్గరికొచ్చేసరికి నేరం మోపబడ్డవాడు అయ్యాడు. అమీనా అలా తిరగబడలేదు. అమీన్ అంటే నమ్మకస్తుడు, మా ఉద్యోగం పేరుకూ అదే అర్థం. నేను సర్వీసులో చేరిన చాలా ఏళ్ళకు ఒక పెద్ద వకీలు గారు ఈ సంగతి చెప్పారు. అప్పటిదాకా నాకూ తెలియదు, జనం తిట్టుకునే పేరనే అనుకునేవాణ్ణి.

ఆ పేరు ఎందుకు పెట్టారో పని చేసినవాడికి తెలుస్తుంది. డిక్రీ అమలుకు వెళ్ళి చరాస్తి జప్తు చేస్తే, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 43వ రూలు ప్రకారం ఆ సొత్తు భద్రతకు జప్తు చేసిన ఉద్యోగిదే బాధ్యత. పరాయివాళ్ళ సామాను అది. ఒక్క గిన్నె పోయినా జవాబు చెప్పుకోవాలి. ఏమి ముట్టుకోకూడదో కూడా 60వ సెక్షనులో ఉంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడుకునే మంచాలు, పరుపులు, మతాచారం ప్రకారం ఆడవాళ్ళు ఒంటి మీద నుంచి తీయకూడని నగలు, చేతివృత్తుల వాళ్ళ పనిముట్లు.

ఒక ఇంటికి వెళ్ళినప్పుడు డిక్రీదారు, అంటే దావా గెలిచినవాడు, కుట్టు మిషను తీసుకుపోదామని పట్టుబట్టాడు. ఆ ఇంటాయన దర్జీ. మిషను మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారం ఉంది, సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది. అది పనిముట్టు, ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పి జాబితాలో రాయలేదు. డిక్రీదారు నా మీద పైకి రాస్తానన్నాడు. రాసుకోమన్నాను. అమీనా అన్న మాటకు అర్థం తెలిశాక ఆ సంఘటన నాకు వేరేగా గుర్తొస్తుంది. నా ఉద్యోగం పేరు మీ పాపకు వస్తే అందులో చిన్నతనం ఏమీ లేదమ్మా.

అయితే మాస్టారు గారు చెప్పినదాన్ని బట్టి మీ నానీ గారిది అమీనా కాదు, ఆమినా. నాకు పద్యాల పిచ్చి ఉంది కనుక నాకు తోచిన గుర్తు చెబుతాను. 'యమాతారాజభానసలగం' బళ్ళో వల్లె వేసి ఉంటారు. అమీనా 'యమాతా' లాగా లఘువు, గురువు, గురువు, అంటే య గణం. ఆమినా 'రాజభా' లాగా గురువు, లఘువు, గురువు, అంటే ర గణం. ఎవరికైనా తేడా చెప్పాలంటే ఈ రెండు మాటలూ పక్కపక్కన పలికి వినిపించండి, చెవికే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఈ తేడా చూపడం కష్టం గానీ మన లిపికి అది ఒక్క దీర్ఘం పని.

అరబ్బీ మాస్టారు:

నాజరు గారూ, ఎంత చక్కగా చెప్పారండీ! అచ్చుల సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళుగా నల్లబల్ల మీద గీతలు గీస్తున్నాను. రేపటి నుంచి యమాతా, రాజభా చెబుతాను.

మీ మాటకు ఒకటి కలుపుతాను. అరబ్బీలో కోశాధికారిని 'అమీనుస్సందూఖ్' అంటారు, పెట్టెకు నమ్మకస్తుడని. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిని అరబ్బీలో 'అల్ అమీనుల్ ఆమ్' అనే రాస్తారు. ఉత్తరాదిలో భూములు కొలిచే ఉద్యోగిని అమీన్ అంటారు. ఒకరి సొత్తు ఇంకొకరి చేతిలో పెట్టాల్సిన ప్రతి చోటా ఈ మాట కనిపిస్తుంది.

పెద్ద మనవరాలు:

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాజరు గారూ, మీరు రాసింది మా మరిదికి చదివి వినిపించాను. కుట్టు మిషను దగ్గరికి వచ్చేసరికి అతను ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'ఆయనకు నా నమస్కారం చెప్పు వదినా' అన్నాడు.

మాస్టారు గారూ, అమ్మీతో కలిసి నానీ ట్రంకు పెట్టె తీశాను. అడుగున ఒక ప్లాస్టిక్ కవరులో నికానామా దొరికింది, 1962 నాటిది. కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. మా ఖర్మ ఏమిటంటే ఒక మడత సరిగ్గా నానీ పేరు మీదుగానే పోయింది. అక్కడ సిరా చెరిగి, కాగితం పీచులు లేచింది. చుక్కలు ఉన్నాయో, చెరిగిపోయాయో తెలియడం లేదు. పేరు మొదట్లో నిలువు గీత ఉంది, దాని మీద చిన్న అల లాంటి గీత ఉన్నట్టే ఉంది కానీ మరకేమో అని అనుమానం. ఆ తర్వాత ఒక చిన్న ముడి, దాని పక్కన చిన్న కొండి, చివర గుండ్రంగా ఒక అక్షరం. ఆ తర్వాత విడిగా ఇంకో మాట ఉంది, అది 'బీ' అని అమ్మీ అంటోంది. ఎలా చదవాలో చెప్పండి.

అరబ్బీ మాస్టారు:

తొందరపడకుండా చూడండమ్మా. చుక్కలు చెరిగినా ఫరవాలేదు, పళ్ళు లెక్కపెడదాం. మీరు కొండి అన్నదాన్నే మేము పన్ను అంటాం.

మీరు చెప్పిన నిలువు గీత అలిఫ్. దాని మీద అల లాంటిది ఉంటే అది మద్ద, అంటే 'ఆ' అని దీర్ఘం తీయాలి. చిన్న ముడి మీమ్. చివరి గుండ్రటిది హే. మీమ్‌కీ హేకీ మధ్య ఏముందన్నదే అసలు విషయం. ఉర్దూలో హ్రస్వమైన ఇకారానికి అక్షరం రాయరు, దీర్ఘమైతే 'యే' అనే అక్షరం రాయాలి. ఆమినా అయితే మధ్యలో నూన్ ఒక్కటే ఉంటుంది, అంటే ఒకే పన్ను, దాని పైన ఒక చుక్క. అమీనా అయితే యే, నూన్ రెండూ ఉంటాయి, అంటే రెండు పళ్ళు, మొదటి దాని కింద రెండు చుక్కలు, రెండో దాని పైన ఒక చుక్క.

చుక్కలు మడతలో పోయి ఉండొచ్చు. పళ్ళు పోవు, కలం ఎత్తకుండా రాస్తారు కాబట్టి కాగితం మీద గీత ఆనవాలు ఉంటుంది. కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు వెనక నుంచి పడేలా పట్టుకుని చూడండి. బలవంతంగా సాపు చేయకండి, పాత కాగితం మడత దగ్గర చీలిపోతుంది. ముడికీ, చివరి గుండ్రటి అక్షరానికీ మధ్య కొండి ఒకటా, రెండా?

పెద్ద మనవరాలు:

ఒకటే.

ఇందాకే చూశాను. అమ్మీ కాగితం రెండు చేతులతో పట్టుకుంది, నేను ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. మీమ్ ముడి నుంచి గీత ఒక్కసారే పైకి లేచి, దిగి, గుండ్రటి దానిలో కలిసిపోయింది. మడతకు అవతల చిన్న చుక్క ఒకటి మిగిలి ఉంది, గీతకు పైనే. కింద ఏమీ లేదు. అలిఫ్ మీద ఉన్నది మరక కాదు, అల గీతే. అదే కాగితంలో 'ఆ'తో మొదలయ్యే ఇంకో మాట ఉంది, దాని మీద కూడా ఇలాగే గీశారు.

నేను 'ఆమినా' అని చదివాను. అమ్మీ కాగితం పట్టుకునే ఏడ్చేసింది. 'మా అబ్బా ఇలాగే పిలిచేవారు' అంది.

నానీకి ఏ చిన్న శబ్దానికీ భయం ఉండేది కాదు. రాత్రిపూట కరెంటు పోతే పిల్లలమంతా ఆవిడ చుట్టూ చేరేవాళ్ళం. ఆవిడ దీపం కోసం కూడా లేచేది కాదు, కూర్చున్న చోటే కూర్చుని 'నేనున్నాను కదా' అనేది. భయం లేనిది అని మీరు అర్థం రాసినప్పుడు నాకు ఆ చీకటే గుర్తొచ్చింది మాస్టారూ.

ఇంగ్లీషులో ఎలా రాయమంటారు? ఆమినా అక్కా, మీరేం రాస్తారు?

ఆమినా, బయాలజీ టీచర్:

నాది ఏ, ఎం, ఐ, ఎన్, ఏ. ఇదే ఎక్కువ మంది రాసేది. కానీ దీన్ని ఆమినా అనీ చదవొచ్చు, అమీనా అనీ చదవొచ్చు, అదే నా బాధ. ఇప్పుడైతే నేను ముందు రెండు ఏలు పెట్టేదాన్ని. మధ్యలో రెండు ఈలు మాత్రం పెట్టకు, అప్పుడది కచ్చితంగా అమీనా అయిపోతుంది.

అరబ్బీ మాస్టారు:

టీచరు గారు చెప్పిందే నా సలహా కూడా. ముందు రెండు ఏలు, మధ్యలో ఒక్క ఐ. చివర హెచ్ పెట్టాలా అని అడుగుతారేమో. అరబ్బీలో ఈ పేరు చివర 'తా మర్బూతా' అనే అక్షరం ఉంటుంది. ఆగి పలికితే అది 'హ' లాగా వినిపించీ వినిపించకుండా పోతుంది, పక్క మాటతో కలిపితే 'త' అవుతుంది. అందుకే మలేసియా, ఇండోనేసియా వాళ్ళు చివర హెచ్ పెడతారు, పశ్చిమ ఆఫ్రికాలో 'అమీనాతా' అనే రూపం ఉంది. తుర్కీలో 'ఎమినే' అయింది. మనకు హెచ్ అక్కర్లేదు. పెట్టుకున్నా తప్పు కాదు, కానీ పెడితే అన్ని కాగితాల్లోనూ పెట్టాలి.

'బీ' గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. అది పేరులో భాగం కాదు, పెద్దరికం కోసం చేర్చే మాట. పాప కాగితాల్లో వద్దు. కలిపి రాయాలా, విడిగా రాయాలా అన్న తంటా మళ్ళీ మొదలవుతుంది.

రిటైర్డ్ నాజరు:

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అందులో 14వ సెక్షను బిడ్డ పేరు తర్వాత చేర్చడానికే ఉంది. రిజిస్టరైన 12 నెలల లోపు అయితే రుసుము లేదు. మీకు మూడు నెలలే అయింది కాబట్టి తొందర లేదు. కానీ ప్రింటు తీసే ముందు స్క్రీన్ మీద చూపించమని అడగండి. నమోదయ్యాక దిద్దించుకోవడం వేరే పని, దానికి వేరే కాగితాలు.

పెద్ద మనవరాలు:

ఈరోజు వెళ్ళి వచ్చాను. ఆమినా అక్క చెప్పినట్టు ఒక తెల్లకాగితం మీద తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసుకుని వెళ్ళాను. అక్కడ కూర్చున్న అబ్బాయి కాగితం తీసుకున్నాడు గానీ, అలవాటు కొద్దీ 'అమీనా' అని కొట్టేశాడు. ఇంగ్లీషులో మాత్రం రెండు ఏలు సరిగ్గానే వేశాడు. నాజరు గారు చెప్పారు కనుక స్క్రీన్ చూపించమన్నాను. తప్పు కనబడగానే నా గుండె దడదడలాడింది. మామూలుగా అయితే నోరు మెదపకుండా తీసుకుని వచ్చేసేదాన్నేమో. ఈసారి మాత్రం, 'తమ్ముడూ, అకు దీర్ఘం ఉండాలి, మకు గుడి చాలు, గుడి దీర్ఘం వద్దు' అన్నాను. అతను తలెత్తి చూసి, 'రెండూ ఒకటే కదక్కా' అన్నాడు. కావని చెప్పి, రెండూ పలికి వినిపించాను. యమాతా, రాజభా కూడా చెప్పాను. అతను తనలో తను ఒకసారి పలుక్కుని, 'అవును, తేడా తెలుస్తోంది' అని దిద్దాడు.

మాస్టారు గారూ, అతను ఇంకో మాట అడిగాడు. వాళ్ళ పక్కింట్లో సాబిరా అనే ఆవిడ ఉందట, అది ఏ అచ్చు అని. ఫాతిమా, ఆమినా ఉన్న అచ్చే అని చెప్పాను. సరిగ్గానే చెప్పానా?

ఇంటికి వచ్చి పాప చెవి దగ్గర నానా పలికినట్టు మూడు అక్షరాలూ నిదానంగా పలికాను. అమ్మీ పక్కనే కూర్చుని ఇంకోసారి పలకమంది.

అరబ్బీ మాస్టారు:

సరిగ్గానే చెప్పావు తల్లీ. సాబిరా, ఓర్పు గలది.